మడుగు రూటుకు పర్మిట్

ఆ పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చిందంటే నీళ్లు దొరికేది ఒక్కచోటే, కొండ అవతలి మడుగులో. నాలుగు క్రోసుల దూరం. కుందేళ్లకీ ఉడతలకీ ఆ ఎండలో అంత నడక ప్రాణం మీదికొచ్చే పని. అందుకని మల్లేసు అనే మనుబోతు వాళ్లను వీపు మీద ఎక్కించుకుని రోజుకు రెండుసార్లు తీసుకెళ్లి తెచ్చేవాడు. నలుగురైదుగురు దుప్పులదీ అదే పని. కిరాయి గుప్పెడు పచ్చిక.

ఒకరోజు మల్లేసు కొమ్ముకు వేలాడుతున్న ఉడత జారి గడ్డిలో పడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ, అడవి సభ అధ్యక్షులు ఎలుగుబంటి బొచ్చయ్యగారు మండిపడ్డారు.

"ప్రజల ప్రాణాలతో చెలగాటమా? ఇకమీదట ప్రయాణికుల లెక్కను బట్టే వాహనాలు. పర్మిట్ లేనిదే ఎవరూ ఎవర్నీ మోయడానికి వీల్లేదు."

లెక్క తీసే పని కొంగ శ్వేతాచారికి అప్పగించారు. లెక్క తేలేదాకా మోతలన్నీ బంద్.

శ్వేతాచారి మద్దిచెట్టు కింద స్టాపులో మూడురోజులు ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒక్కరూ రాలేదు. మోసేవాళ్లే లేనప్పుడు స్టాపుకెవరొస్తారు? అందరూ కాళ్లీడ్చుకుంటూ కొండ ఎక్కుతున్నారు.

"ప్రయాణికులు సున్న. పర్మిట్లు సున్న" అని రాసేశాడు.

మల్లేసు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, అదిగో, కుంటుకుంటూ పోతున్నారే, వాళ్లెవరు?"

"వాళ్లు పాదచారులు. అది వేరే శాఖ."

మల్లేసు ఆ రోజంతా కలుగు కలుగుకీ తిరిగాడు. "రేపొక్కరోజు పిల్లాపాపలతో వచ్చి స్టాపులో నిలబడండి. కొంగగారికి కళ్లు చెదిరిపోవాలి" అని బతిమాలాడు.

నిజంగానే చెదిరిపోయాయి. కుందేళ్లు, ఉడతలు, ముళ్లపందులు అన్నీ వచ్చాయి. ఏం గుంపో చూద్దామని కోతులొచ్చాయి. పర్మిట్ ఇస్తారేమోనని దుప్పులూ వచ్చాయి. శ్వేతాచారి వాటినీ కలిపి ఆరువందల పన్నెండు అని తేల్చాడు.

బొచ్చయ్యగారు ఆ అంకె చూసి గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "ఇంత జనానికి మనుబోతులూ దుప్పులూ ఏ మూలకి? ఏనుగును పెట్టండి! ఒకటే పర్మిట్. మూడువందల మంది నిండనిదే కదలకూడదు."

జనాన్ని పోగేసిందీ మల్లేసే, పని పోయిందీ మల్లేసుకే.

మర్నాడు ఏనుగు కరియప్ప వీపు మీద ఎనభై మంది ఎక్కారు. మధ్యాహ్నమైంది. ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఇంకా రెండువందల ఇరవై మంది రావాలి" అన్నాడు శ్వేతాచారి.

"నాకే దాహం వేస్తోందయ్యా!" అన్నాడు కరియప్ప.

"నిండాక తాగుదువుగాని."

అంతలో రంగనాయకమ్మ అనే ముసలి కుందేలు నాలుక పిడచకట్టుకుపోయి ఏనుగు వీపు మీదే ఒరిగిపోయింది. దుప్పులతో పాటు దూరంగా చూస్తూ నిలబడ్డ మల్లేసు ఇక ఆగలేకపోయాడు. దగ్గరికొచ్చి వీపు పెట్టాడు. కరియప్ప తొండంతో ఆమెను మెల్లగా దించి అతని మీద పడుకోబెట్టాడు.

"ఆగు! పర్మిట్ ఏదీ?" కొంగ రెక్కలు చాచి అడ్డం నిలబడ్డాడు.

మల్లేసు తల వంచి దండం పెట్టాడు. "ఈవిడ ప్రయాణికురాలు కాదండీ. మా అవ్వ. అవ్వను మోయడానికీ పర్మిట్ కావాలా?"

శ్వేతాచారి నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. అందులో అవ్వ మాట ఎక్కడా లేదు. "సరే, పో" అన్నాడు విసుగ్గా.

వెంటనే ఒక ఉడత లేచింది. "మల్లేసు బాబాయ్! నన్ను వదిలేసి పోతావా?"

"దుప్పి మావయ్యా!" అని ముళ్లపంది అరిచింది. చిటికెలో ప్రతి దుప్పికీ డజను మంది మేనల్లుళ్లు పుట్టుకొచ్చారు. వీపు ఖాళీ అయిన కరియప్ప, "అన్నయ్యా, నేనూ వస్తున్నా. నన్ను మోయనక్కర్లేదులే" అంటూ వెనకే నడిచాడు.

మడుగు దగ్గర గొంతు తడిశాక రంగనాయకమ్మ కళ్లు తెరిచింది. "ఎవరు నాయనా నువ్వు?"

"నీ మనవణ్ణి అవ్వా. వానలు పడేదాకా."

ఆ వేసవంతా మడుగు రూటు మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. రవాణా సమస్య తీర్చినందుకు సభ బొచ్చయ్యగారికి పూలదండ వేసింది. శ్వేతాచారికి ప్రమోషన్ ఇచ్చింది.

అప్పట్నుంచీ ఆ అడవిలో పిల్లలకు ముందుగా నేర్పేది ఇదే: ఆఫీసు ఉన్నచోట ఎక్కడికైనా చేరాలంటే, ఎవరికో ఒకరికి చుట్టమై ఉండాలి.