మూడో కూత

ఆ సోమవారం పొద్దున సరంగు లేస్తూనే దేవుడికి దండం పెట్టుకుని రెండే రెండు కోరాడు. ఒకటి, ఆదివారానికల్లా పడవ ఇంజిన్ బాగుపడాలి. రెండు, ఆదివారం తన భార్య ఆ పడవ ఎక్కాలి. మొదటిది ఎలాగూ మనుషుల పని, నువ్వు రెండోది చూసుకుంటే చాలు స్వామీ అని సర్దిచెప్పాడు కూడా, ఆయన మీద మరీ బరువు మోపకుండా.

అతని అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే పడవకి సరంగు కాబట్టి సరంగు, అంతే. ఊరందరూ ఎక్కే ఆ పడవని ఎక్కని మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ అతనింట్లోనే ఉంది.

దానికో కారణం లేకపోలేదు. పదకొండేళ్ళ కిందట ఆవిడా, వాళ్ళమ్మా ఆ పడవలో వెళ్తుంటే నడి ఏట్లో ఇంజిన్ వేడెక్కి, పొగలు కక్కి ఆగిపోయింది. పడవ పూటంతా ఎటు పడితే అటు కొట్టుకుపోయింది. అత్తగారు నెత్తిన తడిగుడ్డ వేసుకుని, "అల్లుడు మంచివాడేనే, పడవే మంచిది కాదు" అని దారిపొడవునా అంటూనే ఉంది. ఒడ్డు తగలగానే భార్య చెప్పులు చేత్తో పట్టుకుని దిగి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఎక్కడికైనా బస్సే. ఏరు చుట్టూ తిరిగి, వంతెన దాటి ఆ బస్సు అవతలి ఒడ్డు చేరేసరికి నడుములు పడిపోతాయి. అయినా సరే బస్సే.

ఇప్పుడు అవతలి ఒడ్డున ఉండే పెద్దక్కకి కంటి ఆపరేషన్ అయింది. ముందురోజు సాయంత్రమే టీ గ్లాసు అందిస్తూ భార్య చెప్పింది.

"వచ్చే ఆదివారం పెద్దక్క దగ్గరికి వెళ్తున్నాను. నా కుక్కర్ కూడా తీసుకెళ్తాను. గట్టివి నమలొద్దన్నారట డాక్టరు. పప్పు దాన్లో ఉడికినంత మెత్తగా ఇంకెందులోనూ ఉడకదు."

"దేన్లో వెళ్తావు?"

"బస్సులో."

ఆ 'బస్సులో' అన్న మాట సరంగు గుండెలో ముల్లులా దిగింది.

తప్పంతా ఉప్పుది. ఆ ఇంజిన్ ఏటి నీళ్ళనే తాగి, ఒళ్ళు చల్లబరుచుకుని, ఆ నీళ్ళనే వెనక నుంచి కక్కేసే రకం. ఏరు సముద్రానికి దగ్గర. ఏళ్ళ తరబడి ఉప్పు లోపల పేరుకుని, నీటి దారులు సగానికి సగం పూడిపోయాయి. సగం వేగం దాటితే చాలు, ఇంజిన్‌కి జ్వరం వచ్చేస్తుంది. పైగా ఈ మధ్య ఆదివారాలు రేవులో జనం బాగా పెరిగారు. అది తన మంచితనం వల్లనే అని సరంగు అనుకున్నాడు గానీ, ఇంజిన్‌కి ఆ సంతోషం లేదు.

మార్గం చెప్పినవాడు బావమరిది. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు కాబట్టి వాణ్ణి అందరూ ఫ్రిజ్జు అంటారు. చల్లదనం అనే మాట ఎక్కడ వినిపించినా అది తన శాఖే అనుకుంటాడు.

"ఉప్పునీళ్ళు ఇంజిన్‌లోకి పోనివ్వడమే తప్పు బావా! లోపల మంచినీళ్ళు పోసి మూసేద్దాం. అవే నీళ్ళు గుండ్రంగా తిరుగుతుంటాయి. పక్కన ఒక కూలర్ పెడదాం. ఏటి నీళ్ళు ఆ కూలర్ దాకా వచ్చి, వేడి పట్టుకుని బయటికి పోతాయి. ఈ నీళ్ళూ ఆ నీళ్ళూ ఒకదాన్నొకటి ముట్టుకోవు."

కూలర్ వచ్చింది. రెండో పంపు వచ్చింది. గొట్టాలు వచ్చాయి. ఇద్దరూ పడవ కట్టేసి రెండు రోజులు ఒళ్ళంతా నూనె చేసుకుని, లోపలి ఉప్పంతా కరిగించి కడిగి, అన్నీ బిగించారు. రానిదల్లా పైన కూర్చోవలసిన ట్యాంకు. లోపలి నీళ్ళు వేడెక్కి ఉబ్బితే చోటివ్వడానికి, ఆవిరి మరీ ఎక్కువైతే వదలడానికి, గట్టి మూతతో ఒక ట్యాంకు ఉండాలి. "దారిలో ఉందండీ" అంటాడు షాపువాడు. ఏ దారి అన్నది మాత్రం చెప్పడు.

"ఆ ట్యాంకులో ఏముంది బావా బ్రహ్మవిద్య?" అన్నాడు ఫ్రిజ్జు. "బిగుతు మూత. రబ్బరు రింగు. ఆవిరి ఒక హద్దు దాటితే లేచే బరువు. అలాంటిది నువ్వెక్కడా చూళ్ళేదూ?"

సరంగు చూశాడు. రోజూ చూస్తూనే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వద్దురా. మీ అక్క చంపేస్తుంది."

"కొలత కోసమే బావా. ఒకసారి పెట్టి చూసి, మళ్ళీ వంటింటి గట్టు మీద పెట్టేద్దాం."

సొంత ఇంట్లో వస్తువు చెప్పకుండా తీస్తే దొంగతనం అవుతుందా అన్న సందేహం సరంగుకి వచ్చింది. దేవుడు అన్నీ చూస్తాడంటారు, కుక్కర్లని కూడా చూస్తాడా? భార్య మార్కెట్‌కి వెళ్ళినప్పుడు కుక్కర్‌ని సంచిలో పెట్టుకుని, దేవుడి పటం వైపు చూడకుండా గడప దాటాడు. రేవుకి చేరి, గొట్టం క్లిప్పులు తేవడానికి అలా వెళ్ళి ఇలా వచ్చేసరికి ఫ్రిజ్జు చేతిలో డ్రిల్లు ఉంది. కుక్కర్ అడుగున రెండు చిల్లులు ఉన్నాయి.

"కొలత సరిగ్గా సరిపోయింది బావా!" అన్నాడు వాడు సంబరంగా.

గురువారం పొద్దున భార్య కుక్కర్ కోసం వెతికింది. ఎప్పుడేది కావాలన్నా పట్టుకుపోయే పక్కింటి టైలరమ్మని గోడ మీద నుంచి అడిగింది.

"వదినా, మా కుక్కర్ గానీ నీ దగ్గర ఉందా?"

అడగడం మామూలుగానే అడిగింది. కానీ టైలరమ్మకి రోషం మామూలుది కాదు. తన కుక్కర్ పట్టుకుని విసురుగా వచ్చి వీళ్ళ గట్టు మీద ఠక్కున పెట్టింది.

"ఇదిగో, నాదే ఉంచుకో! మాది దొంగల కొంప కదా! చెంచా తీసుకెళ్ళినా కడిగి మరీ తిరిగిచ్చేదాన్ని నేను!"

నిరపరాధికి నింద రావడం చూస్తూ ఊరుకుంటే పాపం అనుకున్నాడు సరంగు. కాబట్టి చిన్న అబద్ధం ఆడాడు.

"అది ఆవిడ దగ్గర లేదే. రబ్బరు మార్చమని నేనే రిపేరాయనకి ఇచ్చాను."

వీధి చివర గిన్నెలు బాగుచేసే ముసలాయనకి మతిమరుపు. తన కళ్ళజోడు తనే పెట్టుకుని, దాని కోసమే వెతుకుతాడు. భార్య వెళ్ళి అడగ్గానే ఆయన గిన్నెల గుట్టంతా తిరగేసి, లేదని తేల్చుకుని, తనే పారేశానని బెంగపెట్టుకున్నాడు. సాయంత్రానికి పెళ్ళిభోజనాలకి సరిపోయేంత కుక్కర్ ఒకటి భుజాన వేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఇది ఉంచుకోమ్మా. కాదనకు. ఈ వయసులో నాకు మాట రాకూడదు."

సరంగుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక అబద్ధంతో ఒకరిని కాపాడితే ఇంకొకరు మునిగారు. ఫ్రిజ్జుతో మొరపెట్టుకున్నాడు. వాడు మర్నాడు తన ఇంట్లో కుక్కర్ ఎత్తుకొచ్చి, "అక్కా, నీదే! రబ్బరు మారిస్తే రంగు కూడా మారింది" అన్నాడు. వెనకాలే వాడి పెళ్ళాం వచ్చింది, గరిటెతో. ఆవిడ వాణ్ణి తరుముకుంటూ పోయింది గానీ, కుక్కర్ ఇక్కడే ఉండిపోయింది.

శనివారానికి గట్టు మీద మూడు కుక్కర్లు వరసగా కూర్చున్నాయి. భార్య నడుం మీద చేయి వేసుకుని వాటిని చూసింది.

"మూడున్నాయి. నాది లేదు."

"ఏదైతే ఏంటే..."

"నాది కూసే ముందు రెండుసార్లు ఎక్కిళ్ళు పెడుతుంది. మనం వేరు కాపురం పెట్టినప్పుడు పెద్దక్క ఇచ్చింది. ఆ మాత్రం గుర్తుపట్టనా?"

కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ కోప్పడలేదు. చీర కొంగుతో గట్టు తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. చెప్పేద్దామని సరంగు నోరు తెరిచాడు. చెబితే రేపు బస్సు ఖాయం. మూసుకున్నాడు.

ఆదివారం అతను తెల్లారకముందే రేవుకి వెళ్ళి ఇంజిన్ పెట్టె మూత బిగించి, దాని మీద గోనెపట్టా కూడా కప్పాడు. తలెత్తేసరికి రేవు గట్టు మీద భార్య నిలబడి ఉంది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చెప్పులు.

"బస్సు..." అన్నాడు సరంగు, నోరు ఊరుకోక.

"బస్సు సంగతి తర్వాత. చెయ్యివ్వండి."

జనం ఇంకా రాకముందే, పదకొండేళ్ళ తర్వాత ఆవిడ పడవలో కూర్చుంది. ఇంజిన్ గుడుగుడుమంటూ హాయిగా తిరిగింది. వెనక నుంచి ఏటి నీళ్ళు ధారగా పడుతున్నాయి. సరంగు వేగం పెంచాడు. జ్వరం లేదు, పొగ లేదు. ఆవిడ నీళ్ళలో వేళ్ళు పెట్టి కూర్చుంది. అది చూసి అతను మనసులో దేవుడికి ఒకటి కాదు, వంద దండాలు పెట్టుకున్నాడు.

నడి ఏట్లో, గోనెపట్టా కింద నుంచి ఏదో రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది.

ఆవిడ వేళ్ళు నీళ్ళలోంచి బయటికొచ్చాయి. "ఏవండీ, ఏంటా చప్పుడు?"

"గాలి."

"గాలికి ఎక్కిళ్ళొస్తాయా?"

అంతలో పెద్ద కూత. ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

"అది... కొత్త హారన్" అన్నాడు సరంగు.

రెండో కూతకి ఆవిడ లేచి నిలబడింది. గోనెపట్టా వైపు చూసింది. అతని వైపు చూసింది. మూడో కూత కూడా వచ్చేసింది.

"మూడయ్యాయి! ఆపండి!"

పెరట్లోంచి ఆ కేక వినపడితే లేచి పొయ్యి కట్టెయ్యడం అతనికి పెళ్ళయినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఎందుకని అడగలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి ఇంజిన్ కట్టేసింది.

ఏరంతా నిశ్శబ్దం. సరిగ్గా ఆనాటిలాగే పడవ తేలుతోంది. సరంగు ప్రాణం ఉసూరుమంది. పెట్టె తెరిచి కుక్కర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ ఆ చేతి మీద ఫెడీమని ఒక్కటి వేసింది.

"మొహం కాల్చుకుంటారా? ఆవిరి దిగనివ్వండి!"

ఇద్దరూ కుక్కర్‌కి చెరో పక్కన కూర్చున్నారు. ఆవిడ దాని అడుగుకి తగిలించిన గొట్టాలు చూసింది.

"చిల్లులు పెట్టారా?"

"రెండే."

"రెండే!"

"నువ్వు ఎక్కాలనే. ట్యాంకు రాలేదు. ఇంజిన్ అవ్వకపోతే నువ్వు బస్సెక్కి పోతావని..."

ఆవిడ గొట్టాల వెంట అటూ ఇటూ వంగి చూసింది. తర్వాత ఇదెలా పనిచేస్తుందని అడిగింది. లోపలి నీళ్ళ గురించి, బయటి నీళ్ళ గురించి అతను చెప్పాడు.

"మరి ఆ కూలర్‌లో ఉప్పు పేరుకోదా?"

"పేరుకుంటుంది. అప్పుడప్పుడు విప్పి కడుక్కోవాలి."

"పదకొండేళ్ళకోసారా?"

సరంగు తలొంచుకున్నాడు. ఆవిడ చిన్నగా నవ్వింది.

"సరే. కుక్కర్ ఊరికే కుయ్యదు. వెనక నీళ్ళు పడుతున్నాయో లేదో చూశారా?"

చూడలేదు. హారన్ గురించి అబద్ధం ఆడటంలో పడి మరిచిపోయాడు. ఏటి నీళ్ళు వచ్చే జల్లెడ విప్పితే ఎవరో విసిరేసిన ప్లాస్టిక్ సంచి అందులో ముద్దయి కూర్చుని ఉంది. ఇంకాసేపు అలాగే తిరిగి ఉంటే ఇంజిన్ బిగుసుకుపోయేది. ఇంతకుముందు ఈ ఇంజిన్‌లో ఆ సంగతి కూసి చెప్పేవాళ్ళే లేరు. సరంగు సంచి లాగేసి, కుక్కర్‌లో మంచినీళ్ళు సరిచూసుకుని, ఇంజిన్ తిప్పాడు. నీళ్ళు మళ్ళీ ధార కట్టాయి.

"భయమైతే వెనక్కి తిప్పేస్తాను" అన్నాడు మెల్లగా. "బస్సు ఇంకా అందుతుందేమో."

"ఏ బస్సు? ఆదివారం బస్సు తీసేసి నెలైంది. రేవులో కూర్చునేవారు, ఆ మాత్రం తెలీదూ?"

పెరిగిన జనం సంగతి సరంగుకి అప్పుడు అర్థమైంది. "మరి బస్సులో వెళ్తానన్నావు?"

"అనకపోతే మీరు ఇంజిన్ ముట్టుకునేవారా?"

దేవుడికీ తనకీ పని పంచడంలో ఎక్కడో లెక్క తప్పింది. ఆయన వంతు సోమవారానికి ముందే పూర్తయిపోయినట్టుంది. ఇన్నాళ్ళూ తన వంతు కోసమే ఆయన కూడా కాచుకుని కూర్చున్నాడా? ఆ మాట ఎవరిని అడగాలో తెలియక, సరంగు చుక్కాని గట్టిగా పట్టుకున్నాడు.

అవతలి ఒడ్డున పెద్దక్క నల్లకళ్ళద్దాలతో వాకిట్లోనే కూర్చుని ఉంది. చెల్లెలి సంచి తడిమి చూసింది.

"ఏమే, నేనిచ్చిన కుక్కర్ తెస్తానన్నావు?"

"తెచ్చానక్కా. రేవులో ఉంది."

"రేవులో ఏం చేస్తోందే?"

భార్య ఒకసారి సరంగు వైపు చూసింది.

"ఉద్యోగంలో చేరింది."