మైవోర్ ఏకాంత యాత్ర

ఆ సోమవారం పొద్దున రెండో కప్పు కాఫీ తాగుతూ మైవోర్ ఒక నిర్ణయానికి వచ్చింది. నార్వే వెళ్లాలి. ఒంటరిగా వెళ్లాలి. ఎవరికీ చెప్పకుండా వెళ్లాలి. డెబ్బై రెండేళ్లొచ్చాయి, స్వీడన్‌లోని తన ఊరు కార్ల్‌స్టాడ్ నుంచి కాస్త దూరం పోతే సరిహద్దు, అయినా ఆ దేశాన్ని తన ఇష్టప్రకారం చూసిన పాపాన పోలేదు. భర్త బతికున్నన్నాళ్లూ కిటికీ పక్క సీటు ఆయనది, మాటలూ ఆయనవే. ఆయన పోయాక ఆ మాటల బాధ్యతను కింది అంతస్తు సీవ్ ఎవరూ అడగకుండానే నెత్తిన వేసుకుంది.

కాబట్టి మైవోర్ కోరిక చాలా చిన్నది. నిలువెత్తు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రాన్ని మూడు రోజులపాటు, పక్కన ఎవరూ వాగకుండా, కళ్లారా చూడాలి. సెప్టెంబరు ఆఖర్లో రద్దీ తగ్గాక బస్సు యాత్ర చవక. పైగా ఈసారి ఒంటరిగా వచ్చేవాళ్లకు గది మీద అదనపు రుసుము లేదట. ఒంటరిగా పడుకున్నందుకు జరిమానా కట్టీ కట్టీ విసిగిన వయసు మరి! రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని టికెట్టయితే ఇంకా చవక అన్నారు. అదే కొనేసింది.

కొంప మునిగింది ఆ తర్వాతే. బస్సు పై వారం గురువారం పొద్దున. గురువారం తొమ్మిదింటికి భవనం ఉమ్మడి లాండ్రీ గదిలో బట్టలుతుక్కునే వంతు మైవోర్‌ది. నేలమాళిగ గోడకు రోజులూ గంటలూ రాసిన పలక ఒకటి ఉంటుంది. ఇంటి నంబరున్న చిన్న తాళాన్ని ఎక్కడ బిగిస్తే ఆ వేళ ఆ ఇంటిది. ఆ భవనంలో కాపురాలు విడిపోయాయి, దేశంలో ప్రభుత్వాలు మారాయి, గురువారం తొమ్మిది దగ్గర మైవోర్ తాళం మాత్రం ముప్పై ఒక్కేళ్లుగా కదలలేదు. వాడుకోని వేళను అట్టిపెట్టుకోవడం అన్యాయం కనుక ఆమె మర్యాదగా తాళం తీసేసింది.

గంటలో రూనె చూశాడు. రూనె రిటైరైన పోస్ట్‌మ్యాన్, నివాసుల సంఘానికి అధ్యక్షుడు. ఆ ఖాళీ చూసి మైవోర్‌కు ఏదో అయిందనుకున్నాడు. మెట్లెక్కి తలుపు కొట్టి అడిగితే పోయేది. కానీ ఒకరి సొంత విషయం మొహం మీద అడగడం అక్కడ మర్యాద కాదు. గోడ మీద కాగితం అంటించడం మర్యాద. అంటించాడు: "మనలో ఒకరు కష్టకాలంలో ఉన్నారు. ఖాళీ అయిన వేళ కోసం ఎగబడకుండా కాస్త మనుషుల్లా ఉందాం."

సాయంత్రానికి దాని కింద ఎవరో "ఏ జబ్బు?" అని రాశారు. మంగళవారం ఇంకొకరు "గుండె అనుకుంటా" అని జవాబిచ్చారు. బుధవారానికి మైవోర్ గుమ్మం ముందు మూడు పూలకుండీలు వెలిశాయి. ఎవరు పెట్టారో తెలియదు. రూనె అయితే, ఎవరైనా పోతే సగందాకా ఎగరేసే భవనం జెండాను బీరువాలోంచి తీసి, ఎందుకైనా మంచిదని, ఇస్త్రీ చేయించి ఉంచాడు.

గురువారం సీవ్ చేపల సూపు గిన్నెతో వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమే, నా దగ్గర కూడా దాస్తావా?"

ప్రయాణం సంగతి బయటపడిందనుకుని మైవోర్ నీరుగారిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"కింద గోడ మీదే ఉంది! బిల్డింగంతా తెలుసు. ఎన్ని రోజులే?"

"మూడే."

"అంత తక్కువా!" సీవ్ కుర్చీలో కూలబడింది. "పోనీ తోడుగా నేను..."

"వద్దు వద్దు! నేనొక్కదాన్నే వెళ్లాలి. నాకలాగే ఇష్టం."

"భయంగా లేదటే?"

"భయమెందుకు? ఎంతో అందంగా ఉంటుందట. వెళ్లొచ్చిన వాళ్లందరూ అదే చెప్తున్నారు."

సీవ్ ఏడుపు సగంలో ఆగింది. "వెళ్లొచ్చిన వాళ్లా? ఎక్కడ్నుంచి?"

"నార్వే నుంచి."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో రూనె ప్రత్యక్షమయ్యాడు. చేతిలో కేకు, వెనక మెట్ల మీద మరో తొమ్మిది మంది.

మైవోర్ సంగతంతా చెప్పింది. బతికుంటుందని తెలిసిన సంతోషం ఒకవైపు, మోసపోయామన్న కోపం ఒకవైపు.

"మరి ఈ కేకు?" అన్నాడు రూనె నిష్ఠూరంగా.

తినక చేసేదేముంది! మైవోర్ కాఫీ పెట్టింది. తప్పు చేసినదానిలా తలొంచుకుని యాత్ర కాగితం కూడా చూపించింది. అది చేతులు మారింది.

"ఒంటరి గదికి అదనం లేదూ?" అంది సీవ్, కళ్లు మెరుస్తుండగా.

"ఇంకా సీట్లున్నాయా?" అన్నాడు రూనె.

సాయంత్రానికి పదకొండు మందీ టికెట్లు కొనేశారు. అందరూ ఒంటరి గదులే అడిగారన్న విషయం మైవోర్ బుర్రకెక్కలేదు. తలుపేసుకుని భోరుమంది. ముప్పై ఒక్కేళ్లు నోరు మెదపకుండా అందరి మాటలూ విన్నదానికి మూడంటే మూడు రోజులు దక్కకూడదా?

పై వారం చెవుల్లో కుక్కుకోవడానికి దూది పట్టుకుని బస్సెక్కింది. ఎక్కి నిలబడిపోయింది. పదకొండు మంది పదకొండు కిటికీల పక్కన కూర్చున్నారు. పక్క సీట్లో ఒక్కొక్కరి సంచీ ఒక్కొక్కటి. రూనె టోపీని ముక్కుదాకా లాగేశాడు. సీవ్ తలూపిందంతే, అదీ పొదుపుగా. మైవోర్ ఓ కిటికీ పక్కన చేరి, తనూ పక్క సీట్లో సంచీ పెట్టుకుని, కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టింది.

సరిహద్దు దాటేదాకా స్వర్గం. మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి బల్ల వారిదే అయ్యేసరికి కాస్త వింతగా ఉంది. రెండో రోజు పొద్దున మలుపు తిరగగానే సముద్రపు పాయ కనిపించింది. కొండ అంచు నుంచి జలపాతం తెల్లగా దూకుతోంది, కింద పచ్చటి నీళ్లు కదలకుండా పడున్నాయి. మైవోర్‌కు ఒళ్లు పులకరించింది. ఎవరికైనా చెప్పకపోతే ప్రాణం నిలిచేలా లేదు.

"సీవ్! ఒసే సీవ్! చూశావటే?"

"ష్!" సీవ్ వెనక్కి తిరగనైనా లేదు. "ముప్పై ఏళ్లుగా మీ అందరినీ పలకరించీ పలకరించీ నా నోరు పడిపోయింది. ఈ మూడు రోజులు నన్ను వదిలెయ్యవే తల్లీ!"

రూనె టోపీ కిందనుంచి "నిజమే" అన్న మాట వినిపించింది.

మైవోర్ పక్క సీట్లోని సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. కార్ల్‌స్టాడ్ చేరేదాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.