జప్రియాన్ గుమ్మం మీది నల్ల అంచు

ప్లొవ్‌దివ్ ఊళ్ళో పాత బస్తీలో జప్రియాన్ హోటల్‌కు ఉన్న గొప్పంతా ద్రాక్షపందిరి, దాని కింద బల్లలు. ఆరుబయట కూర్చుని తినదగ్గ చోట్ల గురించి రాసే పత్రికమ్మాయి వెసెలా ఆ మధ్యాహ్నం వస్తానంది. బల్లలు నిండుగా కనిపించకపోతే ఆమె రాయదు. ఆమె రాయకపోతే హోటల్ మూతే. అందుకని జప్రియాన్ పొద్దున్నే వీధి చివరి అచ్చు దుకాణంలో తన ఫొటోతో ప్రకటన వేయించి, సరిగ్గా చూడకుండానే గుమ్మానికి అంటించి వంటలో పడ్డాడు.

ఆ దుకాణం వాళ్ళు ఎక్కువగా వేసేవి చావు ప్రకటనలు. ఎవరు పోయినా ఇంటి తలుపుకు అంటించే నల్ల అంచు కాగితాలు. అలవాటు కొద్దీ దీనికీ అదే అంచు వేశారు. "ఈ మధ్యాహ్నం జప్రియాన్ ద్రాక్షపందిరి కింద మీకోసం ఎదురుచూస్తుంటాడు" అన్న మాటలు ఆ అంచు మధ్య చక్కగా అమరిపోయాయి.

మధ్యాహ్నానికి పందిరి కింద చోటు లేదు. అందరూ నల్లబట్టల్లో తలొంచుకుని తింటున్నారు. పక్కింటి ముసలమ్మ గాన్కా చావింట్లో పెట్టే ఉడికించిన గోధుమలు పంచుతోంది. ఓ మూల బల్ల దగ్గర వెసెలా రాసుకుంటోంది.

"పాపం, మిరపకాయలు బాగా కాల్చేవాడు."

"కాల్చడమా? మాడ్చేవాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ."

వంటింటి కిటికీలోంచి విన్న జప్రియాన్ భార్యను అడిగాడు. "ఎవరు పోయారే?"

స్లావ్కా తలుపు చూసొచ్చి, నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. "నువ్వే. ఫొటో మాత్రం బాగా పడింది."

"ఇప్పుడెలాగే?"

"ఆ పిల్ల వెళ్ళేదాకా బయటికి రాకు. నువ్వు బతికుండగా ఇంతమంది ఎప్పుడొచ్చారు గనక!"

అంతలో ఆతనాస్ వచ్చాడు. పందిరి తీగ ఎవరు కత్తిరించాలన్న తగవుతో ఏళ్ళ తరబడి మాటలు మానేసిన తమ్ముడు. పోయినవాళ్ళకు సరిసంఖ్యలో, బతికున్నవాళ్ళకు బేసిసంఖ్యలో పూలు తెచ్చే ఊరు కనుక చేతిలో రెండు పూలున్నాయి. ఏడుస్తున్నాడు.

జప్రియాన్ ఆగలేకపోయాడు. గరిటెతోనే బయటికొచ్చాడు. గాన్కా చేతిలో పళ్ళెం జారిపోయింది.

ఆతనాస్ కళ్ళు తుడుచుకున్నాడు. ఒక పువ్వు జేబులో పెట్టుకుని రెండోది అన్నకిచ్చాడు. "బతికున్నోడికి ఒకటి చాల్లే." తలెత్తి తీగను చూశాడు. "బాగానే కత్తిరించావు, అన్నయ్యా."

కూర్చోరా అనాల్సిన క్షణం అది. సరిగ్గా అప్పుడే వెసెలా సంచి తీసుకుని లేచింది. "అమ్మాయీ, ఒక్క నిమిషం!" అంటూ జప్రియాన్ ఆమె వెనక పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి తమ్ముడు లేడు.

తర్వాతి ఆదివారం పత్రికలో పడింది: "పోయినవారి పేరిట పెట్టే భోజనాలకు ఊళ్ళో ఇంత ప్రశాంతమైన పందిరి మరొకటి లేదు." ఇప్పుడు రోజూ బల్లలన్నీ ముందే నిండిపోతున్నాయి. తీగ మొదట్లో ఉన్న ఒక్క బల్లను మాత్రం జప్రియాన్ తమ్ముడి కోసం ఖాళీగా ఉంచుతున్నాడు.

ఏమని కబురు పెట్టాలో తెలియడం లేదు. చచ్చిపోయానన్నది ఇక పనికిరాదు.