కూర్చుంటేనే రోగి

మన దేశంలో రోగి అంటే కూర్చున్న మనిషి. నిలబడ్డవాడు రోగి తాలూకు చుట్టం. నడిచేవాడికి దవాఖానాలో పనే లేదు. సిరోంచ అవతల ఒక సర్కారు దవాఖానా వరండాలో ఈ శాస్త్రాన్ని అమలు చేసే బాధ్యత సిపాయి, అంటే దవాఖానా బంట్రోతు, బాబురావుది. (ఆయన హోదా బల్లల అధికారి. ఆ హోదా ఇచ్చుకున్నదీ ఆయనే.)

రాజుబాయి గుండెకు పుట్టుకతోనే చిల్లు. ముప్పై దాటినా గోళ్లు నేరేడుపండు రంగులోనే ఉంటాయి. నాగపూర్ డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పాడు: నీ రక్తం చిక్కన, ఒక్కచోట కూర్చుంటే కాళ్లలో గడ్డకడుతుంది, ఆ గడ్డ చిల్లులోంచి దూరి మెదడుకు పోగలదు, మాత్ర మానొద్దు, కాళ్లు ఆడిస్తూ ఉండు. ఇప్పుడు మాత్రలు అయిపోయాయి. అందుకే ఆమె పొద్దున్నే వచ్చి, బల్ల మీద సంచి పెట్టి, నడక మొదలుపెట్టింది.

ఆమె వెనక నంబరు ఐలన్నది. ముందున్న మనిషి కదిలితే వరుస కదిలినట్టేనని నమ్మి బతికిన రైతు. (రేషన్ దుకాణం నేర్పిన చదువు.) లేచి ఆమె వెంట నడిచాడు. అతని వెనక లింగక్క లేచింది, ఆమె వెనక బల్లంతా లేచింది. దగ్గేవాళ్లు, కుంటేవాళ్లు, బాలింతలు, అందరూ దవాఖానా చుట్టూ తిరగసాగారు. రెండో చుట్టులో ఒక మేక కూడా చేరింది.

"ఎటు పోతున్నం బాయి?" అన్నాడు ఐలన్న.

"యాడికి లేదన్నా. రక్తం గడ్డకట్టకుండ తిరుగుతున్న."

తిరిగితే రక్తం మంచిగవుతుందట అన్న వార్త వెనక్కి పాకింది. బజారు నుంచి ఇంకొందరు వచ్చి కలిశారు.

లోపల డాక్టరు గంట కొట్టాడు. బల్ల ఖాళీ. మళ్లీ కొట్టాడు. ఖాళీ. తాలూకాలో జబ్బులు తగ్గాయని సంతోషించి చాయ్‌కు వెళ్లిపోయాడు.

బాబురావుకు తల కొట్టేసినట్టయింది. రాజుబాయికి అడ్డం నిలబడ్డాడు.

"దవాఖానకొచ్చినవా బాయి, బరాత్ తీస్తున్నవా?"

"కూసుంటె నాకు ఖత్రా సార్. నాగపూర్ డాక్టర్ చెప్పిండు."

"ఆయన మాట నాగపూర్ల చెల్లుతది. గిక్కడ తిరగాల్నంటె గిక్కడి డాక్టర్ ఒప్పుకోవాలె. ఆయనొచ్చేదాక కూసో. లేస్తే నీ నంబర్ పాయె."

న్యాయమే. నడిచేందుకు అనుమతి కావాలంటే కూర్చోవాలి. మాత్ర కావాలన్నా కూర్చోవాలి. రాజుబాయి కూర్చుంది. ఆమె వెనకే వరుసంతా కూర్చుంది. కాలివేళ్లు ఆడించింది. బల్ల ఊగుతోందని బాబురావు అదీ ఆపించాడు. డాక్టరుగారి చాయ్ భోజనం దాకా, భోజనం కునుకు దాకా సాగింది. పొద్దు వాలేసరికి ఆమె ఎడమ పిక్క వాచి, ఎర్రబడి, కాలిపోసాగింది.

డాక్టరు వచ్చి చూశాడు. నాగపూర్ మాట అక్షరాలా నిజమేనని మెచ్చుకున్నాడు. కాలు కింద పెట్టలేని రాజుబాయికి, వరండాలో ఎంతసేపైనా నడవవచ్చని అక్కడికక్కడే అనుమతి ఇచ్చాడు.