చిలకపచ్చ గళ్ళ బోర్డు

ఆ ఆదివారం పొద్దున ముబీనా పెట్టుకున్న పని ఒక్కటే, మధ్యాహ్నం లోపల పడగ్గది గోడకి ఒక బోర్డు చేసుకోవడం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కోచింగ్ టైంటేబులు, సూత్రాల చీటీలు, స్నేహితురాలు ఇల్మా పంపిన ఈద్ కార్డు అన్నీ పరుపు కింద నలిగిపోతున్నాయి. పక్కింటి తెరేసమ్మగారి కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్ పలక వారం నుంచి మంచం కింద సిద్ధంగా ఉంది. కావలసిందల్లా దానిమీద అంటించడానికి మంచి గుడ్డ.

గుడ్డకి ఆ ఇంట్లో కరువు లేదు. వాళ్ళ నాన్న మదార్ సాహెబ్ వించిపేటలో ఆడవాళ్ళ జాకెట్లు కుడతాడు. ఇంటి ముందు గదే దుకాణం. అక్కడి కట్టుబాటు ముబీనాకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కత్తెర తగలని గుడ్డ కుట్టమని ఇచ్చినవాళ్ళది, అలమరాలో ఉంటుంది. కత్తెర తగిలాక మిగిలిన ముక్క ఇంటిది, మిషను కింద బుట్టలో ఉంటుంది. ఆ ఉదయం బుట్టలో అన్నిటికన్నా పైన, చిలకపచ్చ మీద వంకాయరంగు గళ్ళున్న మంగళగిరి గుడ్డ కనిపించింది. ఒక మూల కత్తిరించి ఉంది. మీటరు ముక్క ఎలా మిగిలిందా అని ఆమె ఆలోచించలేదు. ఈ రంగు చూసి ఎవరో వద్దని వదిలేసి ఉంటారనుకుంది.

మైదా ఉడికించి జిగురు చేసి గుడ్డని పలకకి అంటించింది. చుట్టూ జరీ లేసు, నాలుగు మూలలా కుచ్చులు, మధ్యలో గుండుసూదులతో కాయితాలు. గోడకి మేకుతో బిగించి చూసుకుంటుంటే మనసు నిండిపోయింది.

"కరెంటు పోయినా ఇంక ఈ గదిలో దీపం అక్కర్లేదే" అంది నానమ్మ ఆమినాబీ.

అది మెచ్చుకోలో కాదో తేలేలోపే ముందు గదిలో అలమరా తలుపులు దబదబలాడాయి. లెక్కల టీచరు శివపార్వతిగారి జాకెట్టు గుడ్డ కనబడడం లేదట. గురువారం మైలవరంలో వాళ్ళ బంధువుల పెళ్ళి. నిన్ననే దారం రంగు చూసుకోవడానికి మూల కాస్త కత్తిరించి, ఆ తునకని కొలతల పుస్తకంలో గుచ్చుకున్నాడట. ఇది ఆయన కొత్తగా పెట్టుకున్న పద్ధతి. తర్వాత గుడ్డని మిషను మీద పెట్టినట్టే గుర్తట. మిషను మీది నుంచి కిందికి జారితే ఎక్కడ పడుతుందో ముబీనాకి తెలుసు.

చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. మదార్ సాహెబ్ ముఖం చూసి రెండుసార్లూ ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఒకరి గుడ్డ పోగొట్టిన పేరు లేదాయనకి. మూడోసారి ధైర్యం చేసి వచ్చేసరికి, ఆయన చాయ్ కూడా తాగకుండా తునక గుచ్చిన పేజీ చింపుకుని మంగళగిరి బస్సెక్కేశాడు.

ఆయన వెళ్ళిన రెండు గంటలకి శివపార్వతిగారే వచ్చారు. ఈమధ్య ఒళ్ళు చేశానని, జాకెట్టు కొలతలు మళ్ళీ తీసుకోవాలని అన్నారు. ఆడవాళ్ళ కొలతలు తీసేది ఆమినాబీ. తీసేది ముబీనా పడగ్గదిలో.

అప్పటికే సంగతి గ్రహించిన నానమ్మ గుమ్మంలో ఆవిణ్ణి మాటల్లో పెట్టింది. ఈలోగా ముబీనా బోర్డు దించబోతే మేకు ఊడిరాలేదు. చేతికందిన కాయితాలన్నీ బోర్డు మీద గుచ్చడం మొదలుపెట్టింది. క్యాలెండరు, రేషన్ కార్డు, కంటి ఆసుపత్రి చీటీ, రెండు పెళ్ళి శుభలేఖలు. ఇంకా జానెడు పచ్చదనం మిగిలితే, కనపడ్డ ఆఖరి కాయితం అక్కడ గుచ్చేసింది. అది ఆమె క్వార్టర్లీ పరీక్షల మార్కుల కాయితం.

శివపార్వతిగారు చేతులు చాపి నిలబడ్డారు. టేపు నడుము చుట్టూ తిరుగుతుండగా ఆవిడ చూపు సూటిగా దానిమీదే పడింది.

"లెక్కల్లో డెబ్బై అయిదుకి ఇరవై తొమ్మిదా? ఎవరమ్మాయ్ మీకు చెప్పేది?" అంటూ కాయితం ఊడదీశారు. దాని వెనక చిలకపచ్చ కనిపించింది.

"పాత దుప్పటమ్మా అది" అంది ఆమినాబీ గబగబా.

ఆవిడ క్యాలెండరు కూడా తీశారు. తర్వాత రేషన్ కార్డు. ముబీనా తలవంచుకుని జరిగినదంతా చెప్పేసింది.

శివపార్వతిగారు గుడ్డని వేలితో గీకి చూశారు. "ఊడదీస్తే బాగుపడుతుందా?"

"పడదండీ. మైదా జిగురు. పైగా యాభై గుండుసూదులు."

"ఉతికినా?"

"ఉతికినా పడదండీ."

"ఖాయమేగా?"

ఖాయమేనంది ముబీనా కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ మంచం మీద కూర్చుని, చాలా రోజుల బరువు దిగినట్టు హాయిగా ఊపిరి వదిలారు.

"ఏడవకే. మావారు తెచ్చారు చీరా, అవే గళ్ళ జాకెట్టు గుడ్డానూ. 'ఇలాంటిది ఊళ్ళో ఇంకొకళ్ళ దగ్గర ఉండదు పార్వతీ' అన్నారు. ఎందుకుండదో చూస్తే తెలీడం లేదూ? కొలతలన్నానుగానీ, కుట్టడం ఆలస్యం చేయమని అడుగుదామనే వచ్చాను. జాకెట్టు లేకుండా చీర కట్టుకోమనరు కదా ఆయన?"

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆవిడ ఉత్సాహంగా బోర్డు మీద ఇంకో రెండు సూదులు తనే గుచ్చారు, దేనికైనా మంచిదని. నెల రోజులు లెక్కల పాఠాలు కూడా తనే చెబుతానన్నారు.

అప్పుడే మదార్ సాహెబ్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆవిణ్ణి చూడగానే చేతులు జోడించాడు.

"క్షమించాలండీ. మీ గుడ్డ నా దగ్గరే పోయింది. అయినా మీరేం దిగులు పడకండి. నాలుగు వీధులు తిరిగి నేసినాయన ఇల్లే పట్టుకున్నాను. తునక పక్కన పెట్టి చూశాం, అదే రంగు, అవే గళ్ళు."

పొట్లం విప్పాడు. గదిలో వెలుతురు రెట్టింపయింది.

శివపార్వతిగారు మెల్లగా అన్నారు, "ఎందుకండీ అంత శ్రమ? మావారికి నేనేదో చెప్పుకునేదాన్ని."

"ఆయనతో నేనే చెప్పానండీ. వారధి దగ్గర బస్సులో కలిశారు బసవయ్యగారు. గుడ్డ చూసి ఎంత సంతోషించారో. పోయినదానికి బదులుగా, మోచేతుల దాకా చేతులు పెట్టి ఊరికే కుట్టి ఇస్తానన్నాను."

ఆవిడ ముబీనా వైపు చూశారు. ముబీనా బోర్డు వైపు చూసింది. మదార్ సాహెబ్ కూడా అప్పుడే బోర్డు వైపు చూశాడు, చాలాసేపు. చివరికి లేసు వంకరగా ఉందని మాత్రం అన్నాడు.

పెళ్ళయ్యాక శివపార్వతిగారు మాట తప్పకుండా లెక్కలు చెప్పడానికి వచ్చి, మైలవరంలో ఆ చీరా జాకెట్టుతో తీయించుకున్న ఫొటో ఒకటి ఇచ్చారు. ముబీనా దాన్ని బోర్డు మధ్యలో గుచ్చింది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అందులో టీచరుగారి ముఖం ఒక్కటే కనిపిస్తుంది.