ఆకుపచ్చ గలేబులో కొత్త మెషీను

ఆ ఉదయం ఆకాశమంతా మబ్బు పట్టింది గాని అది కురిసే మబ్బు కాదు. నీళ్ళు కలిపిన పాల రంగులో ఉండి, కదలకుండా ఇళ్ళ కప్పుల మీద కూర్చుంది. గాలి లేదు. ముందురోజు ఆరేసిన బట్టలు ఎండాయో లేదో తేలక తీగ మీద ఊరికే వేలాడుతున్నాయి. అత్తవారింట్లోనే ఉంటున్న అల్లుడు కిటికీ దగ్గర పళ్ళు తోముకుంటూ ఆ మబ్బును తృప్తిగా చూశాడు.

"పరీక్షకి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ఎండుంటే తెర మీద మెరుపు పడుతుంది," అన్నాడు.

"మీకు పరీక్ష, నాకు తడిబట్టలు," అంది భార్య.

అతను రేడియోలూ వీడియోగేములూ అమ్మే కొట్లో గోదాము మనిషి. ఏ పెట్టె దించినా విప్పి చూస్తే గాని పక్కన పెట్టడు. ఎవరేం అడిగినా "చూద్దాం" అంటాడు. అందుకని కొట్లో అందరూ అతన్ని చూద్దాంగారు అంటారు. ముందురోజు సాయంత్రం యజమాని అతన్ని పిలిచి రెండు మెషీన్లు చేతిలో పెట్టాడు. వెనకటి రోజుల ఆటలు ఆడుకునే చేతి వీడియోగేములు, అరచేతి కన్నా కాస్త పెద్దవి. ఒకటి ఎప్పటినుంచో అమ్ముతున్న పాత మోడలు, ఇంకా పెట్టె విప్పనిది. రెండోది బజారులోకి రాని కొత్త మోడలు. పైకి రెండూ కవలపిల్లలు. అదే బూడిదరంగు, అవే గుండ్రటి బటన్లు. వెనకటి రూపం పోకూడదని కంపెనీవాళ్ళు పైన ఏమీ ముట్టుకోలేదు. తేడా తెలియాలంటే వెనక అచ్చువేసిన పేరు చూడాలి.

"రేపు సెలవే కదా, ఇంట్లో కూర్చుని ఆడి చూడు. కొత్తది పాతదాని కన్నా మేలంటే సరుకు తెప్పిస్తాను. నీ మాట నిలబడిందా, గేముల కౌంటరు నీది. తేడా వచ్చిందా, మళ్ళీ గోదామే. ఈసారి బయట తాళం కూడా వేస్తాను," అన్నాడు యజమాని.

కౌంటరంటే కుర్చీ, ఫ్యాను, మనుషుల మొహాలు. గోదామంటే అట్టపెట్టెలు, దుమ్ము, ఒక బల్లి. ఆ బల్లితో అతనికి పెద్ద తగవేమీ లేదు గాని, పెళ్ళయిన దగ్గరనుంచీ భార్యను ఒక్కసారైనా కొట్టుకి తీసుకెళ్ళి తన కుర్చీ చూపించాలని అతని కోరిక. గోదాములో చూపించడానికి కుర్చీ లేదు.

మామగారు దర్జీ. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. అల్లుడు రెండు మెషీన్లూ తెచ్చి ఆయన కుట్టుబల్ల మీద పెట్టాడు.

"మావయ్యగారూ, మనిషి కళ్ళు మోసం చేస్తాయి. ఇది కొత్తది అని తెలిస్తే చాలు, ఆడకముందే బాగుందనేస్తారు. అందుకని రెండింటికీ తొడుగులు కుట్టేయండి. తెరా బటన్లూ మాత్రం బయటికి కనబడాలి."

"దిండు గలేబు అన్నమాట."

"అదే. ఎర్రదారం కట్టాను చూడండి, అది కొత్తది. దాన్ని ఆకుపచ్చ గుడ్డలో పెట్టండి. రెండోదాన్ని గోధుమరంగులో. ఈ సంగతి మీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు."

"నాకూ ఎందుకులే. నాకు కొలతలు చాలు," అంటూ మామగారు మెడలోంచి టేపు తీశాడు.

అల్లుడు స్నానం చేసి వచ్చేసరికి రెండు గలేబులూ తయారు. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వెతికినా దొరకదు. అల్లుడు ఆకుపచ్చదాన్ని చేతిలోకి తీసుకుని బటను నొక్కాడు. మెత్తగా దిగింది. ఒళ్ళు పులకరించింది.

మొదట పిలిచింది పక్కింటి బస్సు డ్రైవరును. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆయన కూర్చునే తీరు మారలేదు. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ళు ఎడం చేసి కూర్చుంటాడు. రెండింటి మీదా కార్ల పందెం ఆడాడు. ఆడుతున్నంతసేపూ మలుపు వచ్చినప్పుడల్లా తానూ ఒరిగాడు.

"గోధుమరంగుది మొండిది బాబూ. షోరూంలోంచి దించిన బండి క్లచ్చులాగా ఉంది. ఈ ఆకుపచ్చదుందే, ఏళ్ళ తరబడి ఒకే చేతి కింద నడిచిన బండిలా హాయిగా ఉంది," అన్నాడు.

అల్లుడు తొడ చరుచుకున్నాడు. "అదేనండీ గొప్పతనం! కొత్తదానికి ఆ పాత హాయి తేవడానికి వాళ్ళెంత కష్టపడి ఉంటారు!"

"అయితే ఇదే కొత్తదా?"

అల్లుడు నాలిక కరుచుకున్నాడు. "నేనన్నానా? నేనేమీ అనలేదు."

అప్పుడే లోపలిగది గుమ్మంలోకి అత్తగారు వచ్చి నిలబడింది. ఆవిడకీ సొంతంగా ఒక మెషీనుంది, పాత మోడలే. కొట్టు అద్దాల బీరువాలో ఉండి ఉండి రంగు వెలిసిందని యజమాని తీసేస్తే అల్లుడు తెచ్చిపెట్టాడు. అప్పటినుంచీ ఆవిడ ఇటుకలు పడే ఆట తప్ప ఇంకొకటి ఆడలేదు, ఆ ఆట ఆడని రోజూ లేదు.

"అల్లుడుగారూ, నా మెషీనుకి ఏదో రోగమొచ్చింది. మీటలు బిగుసుకుపోయాయి."

"చూద్దాం అత్తయ్యగారూ. ఈ పరీక్ష కానివ్వండి."

ఆవిడ వెళ్ళిపోయింది. తరవాత భార్య వంతు. ఆవిడ ఎవరి మొహమాటానికీ ఒక మాట ఎక్కువ చెప్పే మనిషి కాదు.

"బటన్లు ఆకుపచ్చదానివే బాగున్నాయి. తెర మాత్రం గోధుమరంగుదే. ఆకుపచ్చది మసగ్గా ఉందండీ, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు."

అల్లుడు మెషీనును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజమే, మసకగానే ఉంది. కాసేపు తల గోక్కున్నాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది.

"మసక కాదే అది! కళ్ళకి శ్రమ లేకుండా పైన పొర వేశారు. పాపం వాళ్ళు ఎన్ని ఆలోచించారో చూడు. మళ్ళీ చూడు, కళ్ళు చల్లగా లేవూ?"

భార్య మళ్ళీ చూసింది. "మీరన్నాక చల్లగానే ఉన్నట్టుంది," అంది అనుమానంగా.

"నాకూ చల్లగానే ఉంది," అన్నాడు డ్రైవరు. ఆయన ఆ సమయంలో తెర వైపు చూడటం లేదు.

అత్తగారు మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. "అల్లుడుగారూ, వెలుగు కూడా ఎక్కువైపోయింది. పొద్దున్నుంచీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి."

"చూద్దాం అన్నాను కదండీ!"

"అమ్మా, ఆయన కౌంటరు మాట తేలనీ. నీ ఇటుకలు ఎక్కడికీ పోవు," అంది కూతురు. అత్తగారు మూతి ముడుచుకుని తలుపు వేసుకుంది.

ఇక అల్లుడు ఆగలేకపోయాడు. సాయంత్రం దాకా ఎందుకని యజమానికి ఫోను చేశాడు. గోదాములో పెట్టెల మధ్య ఇన్నేళ్ళూ దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. బటన్లు వెన్నముద్దలన్నాడు. తెర వెన్నెల అన్నాడు. పాత మెషీను దీని పక్కన రాయి అన్నాడు. అటువైపు యజమాని ఊఁ కొట్టడం మానేసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

కాసేపటికి యజమానే ఫోను చేశాడు. "సరుకు చెప్పేశానోయ్. లారీడు. నీ మాటలు బోర్డు మీద రాయిస్తున్నాను కూడా. 'వెన్నముద్దల బటన్లు, వెన్నెల తెర.' పెయింటరు నిచ్చెనెక్కేశాడు. కంపెనీ ఏజెంటు ఇక్కడే ఉన్నాడు, విని పొంగిపోయాడు. ఇద్దరం మీ ఇంటికి వస్తున్నాం."

ఇల్లు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. భార్య గుడ్డపీలికలు ఊడ్చింది. డ్రైవరు తన ఇంట్లోంచి రెండు కుర్చీలు తెచ్చాడు. అల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల మీద రెండు గలేబులూ ఒకసారి పక్కపక్కన, ఒకసారి ఎదురెదురుగా పెట్టి చూసుకున్నాడు. మధ్యాహ్నం జారిపోతున్నా వంటింట్లోంచి చప్పుడు లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఏజెంటు పొట్టి మనిషి. నవ్వు ముందు, ఆయన వెనక లోపలికి వచ్చారు. కూర్చుంటూనే రెండు మెషీన్లూ తీసుకుని ఆడాడు. గోధుమరంగుదాన్ని చప్పున పక్కన పెట్టేశాడు. ఆకుపచ్చదాన్ని మాత్రం అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బటన్ల మీద బొటనవేలు తిప్పాడు.

"ఇదీ మా కొత్త మెషీను! గలేబు కాదు, నా కళ్ళకి గంతలు కట్టినా గుర్తుపడతాను. ఈ మెత్తదనం ఇంకెవరికీ రాదండీ!"

యజమాని అల్లుడి భుజం తట్టాడు. అల్లుడు భార్య వైపు చూశాడు. భార్య కొత్తగా పెళ్ళయినప్పటిలా నవ్వింది.

"ఆ గలేబు విప్పండి మాస్టారూ, బోర్డు పక్కన పెట్టడానికి ఫొటో తీసుకుంటాను," అన్నాడు యజమాని.

మామగారికి తన కుట్టు తాను విప్పడమంటే ఒళ్ళు చీరుకున్నట్టుంటుంది. అయినా బ్లేడు తీసి ఒక్కొక్క కుట్టే తెంపాడు. గలేబు జారింది. మెషీను వెనక బ్యాటరీ మూత ఊడిపోకుండా గాయాలకు వేసే పట్టీ ఒకటి అంటించి ఉంది. పట్టీ కింద పాత మోడలు పేరుంది.

అల్లుడు గోధుమరంగు గలేబు లాక్కుని పర్రున చింపాడు. మామగారు కళ్ళు మూసుకున్నాడు. అదీ పాత మోడలే.

"మావయ్యగారూ, ఎర్రదారం కట్టినదేది?"

"దారమా? పొద్దున్నే కత్తిరించేశాను. వేలాడే దారంతో ఏ బట్టా నా బల్ల దిగదు."

"మరి ఏది ఏదో చూడొద్దూ?"

"నువ్వు రెండన్నావు. చెయ్యి కడుక్కొచ్చి చూస్తే బల్ల మీద రెండున్నాయి. కుట్టాను. మేం కొలతలు చూస్తాం నాయనా, మొహాలు చూడం."

ఏజెంటు మొహంలో నవ్వు ఆరిపోయింది. "అయితే కొత్త మెషీను ఏమైనట్టు? అదింకా బయటికి ఇవ్వకూడనిదండీ!"

అంతే, అందరూ వెతకడం మొదలుపెట్టారు. యజమాని బల్ల కిందికి దూరాడు. భార్య ఊడ్చిపోసిన పీలికల మూట విప్పింది. ఎవరూ అడగకపోయినా డ్రైవరు తన జేబులు తిరగేసి చూపించాడు. అల్లుడు మాత్రం కదల్లేదు. బయట తాళం పడిన గోదామూ, బల్లీ అతని కళ్ళముందు కనబడుతున్నాయి.

లోపలిగది తలుపు తెరుచుకుంది. అత్తగారు చేతిలో బూడిదరంగు మెషీనుతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంక నావల్ల కాదు. దీన్నెవరైనా బాగుచేయండి. మీటలు బిగుసుకున్నాయంటే వినరు, వెలుగెక్కువైందంటే వినరు. అన్నిటికన్నా పెద్ద రోగం, దీని ఛార్జింగు అయిపోవడం లేదు! రోజూ పొద్దెక్కేసరికి ఆరిపోయేది, నేను లేచి వంట చేసుకునేదాన్ని. ఇవాళ ఆరదే! అది ఆగితే గదా నేను లేచేది? ఇంతమంది ఉన్నారు, పొయ్యి వెలిగించలేదేమని ఒక్కరైనా అడిగారా?"

ఏజెంటు దాన్ని రెండు చేతులా అందుకుని వెనక్కి తిప్పాడు. కొత్త మోడలు పేరు నిగనిగలాడుతోంది.

"ఇదెక్కడిది అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు నీరసంగా.

"పొద్దున ఛార్జింగు అయిన నా మెషీనుని, మీ మావయ్యగారు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఆయన బల్ల మీద ఒక్క నిమిషం ఉంచాను. కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక, చేతికి తగిలినది తీసుకున్నాను. నా ఇంట్లో నా మెషీను నాది కాదని నేనెందుకనుకుంటాను?" అంటూనే బల్ల మీద పట్టీ వేసి ఉన్న మెషీనును చూసి గబుక్కున తీసుకుంది. "ఇదిగో నాది! దీని బటన్లు మెత్తబడటానికి నా వేలికి ఎంతకాలం పట్టిందో మీకేం తెలుసు? దీనికి గౌను తొడిగిందెవరు?"

అల్లుడు ఆ మసక తెర వైపు చూశాడు. "మరి ఆ పొర..."

"రోజూ పౌడరేసి తుడుస్తాను. ఏం?"

డ్రైవరు చల్లబడిన కళ్ళు రెండూ తుడుచుకున్నాడు. భార్య ఒక్కసారి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరు ముందు నవ్వుతారా అని అందరూ యజమానిని చూశారు. ఆయన బల్ల కిందనుంచి ఇంకా పూర్తిగా లేవలేదు. అక్కడే కూర్చుని, పొట్ట పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"సరుకు ఎలాగూ చెప్పేశాం. అమ్మగారు చెప్పిన తప్పులే బోర్డు మీద రాయిద్దాం. 'చేతిలోకి తీసుకుంటే వంట మరిచిపోతారు.' దీన్ని మించిన ప్రకటన ఏ కంపెనీ రాయగలదండీ?" అన్నాడు ఏజెంటుతో. ఏజెంటు ఇంటి కప్పు వైపు చూస్తూ తలూపాడు.

"మరి నేను?" అన్నాడు అల్లుడు.

"నువ్వు ఇంక ఏ వస్తువునీ పరీక్ష చెయ్యకు. ఆ పని అమ్మగారిది. పంపిస్తుంటాను, ఆవిడ తిడితే తెప్పిస్తాను." యజమాని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "కాని వాడి వాడి అరిగిపోయిన మెషీనుని, కొత్తదని కంపెనీ మనిషి చేతే ముద్దు పెట్టించావు. అలాంటి నోటిని గోదాములో పెట్టి తాళం వేస్తే పాపం తగులుతుంది. రేపటినుంచి కౌంటరులో కూర్చో."

అల్లుడు "చూద్దాం" అనబోయాడు. భార్య అతని కాలు తొక్కింది. "అలాగేనండీ," అన్నాడు.

అప్పటికి అందరికీ ఆకలి ఒక్కసారిగా గుర్తొచ్చింది. పొయ్యి వెలిగింది. ఇంట్లో ఉన్న గుడ్లు కొన్ని, డ్రైవరు తన ఇంట్లోంచి తెచ్చినవి కొన్ని, అన్నీ ఒకే గిన్నెలో ఉడికాయి. కుట్టుబల్ల ఖాళీచేసి, దానిమీద రొట్టె, ఉప్పు, గుడ్లు పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. ఏజెంటు కుర్చీ దొరక్క బట్టల మూట మీద కూర్చున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వొస్తుందని అందరూ తలలు వంచుకుని తిన్నారు.

గుడ్లలో ఏవి పాతవో ఏవి కొత్తవో ఎవరూ అడగలేదు.