పడవెక్కిన పాఠం

సోమవారం ఉదయం రెబెక్కా టీచర్ వేసుకున్న లెక్క చాలా తేలిక. పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. పాఠం చెప్పడానికి ముప్పై పోతాయి, పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడానికి పది. వాళ్ళు ఆలోచించడానికి మిగిలేది ఐదు. పన్నెండేళ్ళుగా ఉప్పాడలో ఆమె ఈ నష్టానికే సైన్సు చెబుతోంది. మొన్న రాజమండ్రి శిక్షణలో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గురించి విన్నాక దారి దొరికింది. పాఠం వీడియోగా ముందే ఇంటికి పంపాలి, పిల్లలు చూసి రావాలి, బడిలో కాలమంతా ప్రశ్నలకే వాడాలి.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆటుపోట్ల పాఠం వీడియో తీసి, రాత్రి పొద్దుపోయాక ఎనిమిదో తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "చూసి, రేపు పదకొండింటికి సందేహాలతో తరగతికి రండి" అని చివర్లో చెప్పింది. తనిఖీ అధికారి వచ్చేదీ పదకొండింటికే. "కుదిరితే మీ పద్ధతేనమ్మా. కుదరకపోతే రేపట్నుంచి పుస్తకం తెరిచి చదివించడమే" అని హెడ్మాస్టర్ త్రిమూర్తులు గారు ముందే బేరం తెగ్గొట్టారు.

పదిన్నరకే రెబెక్కా తరగతికి వెళ్ళి అడిగింది. "వీడియో ఎంతమంది చూశారు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఫోను నాన్నదండి," అంది వీరదుర్గ. "నాన్న వేటకెళ్ళాడండి. ఫోను కూడా వెళ్ళిందండి."

గ్రూపులోని నంబర్లన్నీ తండ్రులవే. వాళ్ళంతా తెల్లవారకముందే పడవలెక్కారు. సరుకును పదిసార్లు పరీక్షించుకున్న మనిషి విలాసం ఒక్కసారీ చూసుకోలేదు.

పదకొండుకు పది నిమిషాలుందనగా గేటు దగ్గర గోల మొదలైంది. ముందు వీరదుర్గ తండ్రి బుల్లియ్య, వెనక ఇరవై మంది. లుంగీల తడి ఇంకా ఆరలేదు. పడవల మీద వీడియో చూసి, టీచరుగారు సందేహాలతో రమ్మన్నారని, ఒడ్డుకు చేరగానే వలలైనా దులపకుండా వచ్చేశారు. వాళ్ళ వెనక భార్యలు.

"చేపలు ఇసుకలో పడేసి బడికొచ్చావేంటయ్యా? ఈ వయసులో ఎనిమిది పాసవుతావా?" అని బుల్లియ్య భార్య లోవలక్ష్మి ఖాళీ తట్టతో తరుముకొచ్చింది.

అప్పుడే అధికారి కారు దిగారు. ఆ గుంపును చూసి, ఊరిని కోసేస్తున్న సముద్రం గురించి ధర్నా అనుకున్నారు. "రాళ్ళ గోడ సంగతి పైవాళ్ళకి రాస్తానండి, నన్ను లోపలికి పోనివ్వండి" అని దణ్ణం పెట్టేశారు.

"గోడ సంగతి తర్వాత చూద్దామండి," అన్నాడు బుల్లియ్య. "ముందు మా టీచరుగారితో పోటు సంగతి తేలాలండి."

బెంచీలు తండ్రులతో నిండాయి. పిల్లలు గోడకు చేరారు. త్రిమూర్తులు గారు అప్పటికే పాఠ్యపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"వీడియోలో పోటు రోజూ పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ వస్తాదన్నారండి," అన్నాడు బుల్లియ్య. "అలా చెప్పిన టైముకొస్తే మాకింక కావాల్సిందేముందండీ? ఇవాళ్టికంటే రేపు రెండు ఘడియలు ఆలస్యంగా వస్తాదండి."

రెబెక్కా ఒక్క క్షణం లెక్క చూసుకుంది. తప్పు కప్పుకుంటే పరువు దక్కుతుంది, ఒప్పుకుంటే పాఠం దక్కుతుంది. సుద్దముక్క బుల్లియ్య చేతిలో పెట్టి, వెళ్ళి వీరదుర్గ పక్కన నిలబడింది.

"రెండు ఘడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు," అంది వీరదుర్గ. "ఎందుకు నాన్నా ఆలస్యం?"

బుల్లియ్య తల గోక్కున్నాడు. "చంద్రుడూ రోజూ ఇంచుమించు అంతే ఆలస్యంగా వస్తాడు కదే."

"అయితే పోటుని తెచ్చేది చంద్రుడా?"

పన్నెండేళ్ళలో రెబెక్కా చెప్పకుండా ఆ తరగతిలో పుట్టిన మొదటి జవాబు అది.

లోవలక్ష్మి తట్ట కింద పెట్టింది. "అమావాస్యనాడు చంద్రుడే కనపడడు కదా! మరి ఆ రోజు పెద్ద పోటెందుకండీ?"

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

పన్నెండింటికి అధికారి రాసుకున్నారు: తల్లిదండ్రుల భాగస్వామ్యం అపూర్వం, వచ్చే వారం మిగతా ఉపాధ్యాయులకు రెబెక్కా గారే శిక్షణ ఇవ్వాలి. త్రిమూర్తులు గారు పాఠ్యపుస్తకాన్ని నెమ్మదిగా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

"టీచర్, ఇంతకీ ఆ వీడియోలో ఏముందండి?" అంది వీరదుర్గ.

"తప్పుందమ్మా," అంది రెబెక్కా.

విలాసం తప్పిన సరుకు తిరిగి రావడం మామూలే. విలువ పెరిగి రావడమే అరుదు.